లోనీ గారి పుస్తకం – నా ఎర్ర సిరా

మన పూర్వ విద్యార్థి సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఎవరైనా ప్రసిద్ధ వ్యక్తి జీవితం గురించి రాసి ఇమ్మని కమిటీ వారు అడిగారు. నేను మన పింగళి వెంకయ్య గారి గురించో, బందరు పట్టాభి గారి గురించో రాస్తానని వారు అనుకుని ఉంటారు. వారిని గురించి నాకంటే బాగా రాయగలవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై మూడేళ్ళు ఎం.పి.సి. పిల్లలకు మెకానిక్స్ చెప్పి, కట్టలకొద్దీ కాగితాలు దిద్దినవాణ్ణి. నాకు బాగా పరిచయమైన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన్ని నేను చూడలేదు. నేను పుట్టేనాటికే ఆయన పోయి పదకొండేళ్ళయింది. అయినా మా స్టాఫ్ రూములో ఆయనతో గడిపినంత కాలం మరెవరితోనూ గడపలేదు.

ఆయన పేరు సిడ్నీ లక్స్‌టన్ లోనీ. ఎస్.ఎల్. లోనీ అంటే మీలో లెక్కలు చదివినవాళ్ళందరికీ చప్పున గుర్తొస్తుంది. ఐ.ఐ.టి.కి తయారయ్యే మనవల బల్లమీద ఇప్పటికీ ఆయన ట్రిగనామెట్రీ, కోఆర్డినేట్ జామెట్రీ కనిపిస్తాయి. పుస్తకం పేరుగా లోనీ అందరికీ తెలుసు. మనిషిగా లోనీ ఎవరికీ తెలియడు. అందుకే ఈ నాలుగు మాటలు.

లోనీ 1860 మార్చి 16న ఇంగ్లాండులో పుట్టాడు. మెయిడ్‌స్టన్ గ్రామర్ స్కూల్లో చదువుకుని కేంబ్రిడ్జిలో సిడ్నీ ససెక్స్ కాలేజీకి వెళ్ళాడు. ఈ కాలేజీ పేరు వినగానే బందరు వాళ్ళకు ఒక సంగతి గుర్తు రావాలి. మన నోబుల్ కాలేజీకి పేరిచ్చిన రాబర్ట్ నోబుల్ దొర చదివింది కూడా ఆ కాలేజీలోనే. నోబుల్ 1841లో ఓడెక్కి వచ్చి, 1843లో బందరులో ఇంగ్లీషు బడి పెట్టి, పెళ్ళీ పెటాకులూ లేకుండా ఆ బడికే జీవితం ధారపోసి, 1864 నవంబరు ఉప్పెనను కళ్ళారా చూసి, మరుసటేడు బందరులోనే కన్నుమూశాడు. అప్పటికి లోనీకి అయిదేళ్ళు. ఒకే కాలేజీ గడప దాటిన ఇద్దరిలో ఒకడు మనిషిగా మన తీరానికి వచ్చాడు, రెండోవాడు పుస్తకంగా వచ్చాడు.

లోనీ చదివిన రోజుల్లో కేంబ్రిడ్జి లెక్కల పరీక్షను ట్రైపాస్ అనేవారు. ఇప్పటి మన ఎంట్రన్సుల పోటీకి తాతలాంటిది. రోజుల తరబడి పేపరు మీద పేపరు రాయాలి. అందులో పెద్ద భాగం మెకానిక్సే. బలాలు, కప్పీలు, వాలుతలాలు, గ్రహాల గమనం, నీటి ఒత్తిడి, అన్నీ అక్కడ లెక్కల కిందికే వస్తాయి. మన ఇంటర్మీడియట్‌లో అదంతా భౌతికశాస్త్రం పేపరులోకి వెళ్ళింది గాని, అక్కడ ఇప్పటికీ పై తరగతుల బడిపిల్లలు మెకానిక్స్‌ను లెక్కల పరీక్షలోనే రాస్తారు.

ఆ పరీక్షలో మొదటి తరగతి వచ్చినవాళ్ళను రాంగ్లర్లు అంటారు. వాళ్ళను ఒకటి, రెండు, మూడు అని వరుస పెట్టి సెనేట్ హౌసులో అందరి ముందు చదివేవారు. మొదటివాడు సీనియర్ రాంగ్లర్, వాడి పేరు పత్రికలకెక్కేది. పట్టీలో ఆఖరివాడికి డిగ్రీ తీసుకునే వేళ తోటివాళ్ళు ఇంతెత్తు కొయ్య గరిటె వేలాడదీసి ఎగతాళి చేసేవారు. ర్యాంకుల పిచ్చి మన విజయవాడలో పుట్టిందనుకునేవాళ్ళకు ఈ సంగతి చెబుతూ ఉంటాను. ప్రైవేటు మాస్టర్ల వ్యాపారం కూడా అక్కడ ఘనంగా సాగింది. ఎడ్వర్డ్ రౌత్ అనే ఆయన మూడు దశాబ్దాల్లో ఆరువందల మందికి పైగా శిష్యులను తయారుచేశాడు. వాళ్ళలో పాతికమందికి మించి సీనియర్ రాంగ్లర్లయ్యారు. ఆ రౌత్ కూడా గతిశాస్త్రంలో దిట్ట. 1854లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్‌ను రెండో స్థానానికి నెట్టి తాను మొదటివాడైన మనిషి.

కాగితాలు దిద్దేవాళ్ళకు ఆసక్తి కలిగించే లెక్క ఒకటుంది. 1860ల నాటి ట్రైపాస్ మార్కులను ఫ్రాన్సిస్ గాల్టన్ తన పుస్తకంలో నమోదు చేశాడు. మొత్తం 17,000 మార్కులు. ఒక ఏటి సీనియర్ రాంగ్లర్‌కు వచ్చినవి 7,500 పైచిలుకు. పట్టీలో ఆఖరివాడికి 300 కూడా లేవు. అంటే దేశంలోకెల్లా మొనగాడికి సగం మార్కులు రాలేదు. మన పిల్లవాడికి నూటికి తొంభై ఎనిమిదొస్తే, ఆ రెండూ ఏమయ్యాయని నిలదీసే తల్లిదండ్రులు ఇది చదివితే బాగుండును.

ఇలాంటి పోటీలో లోనీ 1882లో మూడో రాంగ్లర్‌గా నిలిచాడు. తర్వాత సిడ్నీ ససెక్స్‌లోనే ఫెలో అయ్యాడు. అంత చదువు చదివినవాడు అక్కడే పెద్ద ఆచార్యుడై కూర్చుంటాడని అనుకుంటాం. ఆయన మాత్రం లండన్ పక్కన ఎగమ్ అనే ఊళ్ళో ఉన్న రాయల్ హాలోవే కాలేజీలో లెక్కల ప్రొఫెసరుగా చేరాడు. అది ఆడపిల్లల కాలేజీ. థామస్ హాలోవే అనే ఆయన మాత్రలు, లేపనాలు అమ్మి గడించిన సొమ్ముతో ఆడపిల్లల చదువు కోసం ఎర్ర ఇటుకల మహాభవనం కట్టించాడు. 1886లో విక్టోరియా రాణి వచ్చి ప్రారంభించింది.

ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. 1880లో షార్లెట్ స్కాట్ అనే అమ్మాయి ట్రైపాస్ రాస్తే ఎనిమిదో రాంగ్లర్‌కు సమానంగా మార్కులొచ్చాయి. ఆడపిల్ల కాబట్టి ఆ పేరు పట్టీలో చదవలేదు. ఎనిమిదో పేరు చదివే సమయానికి హాల్లో ఉన్న మగపిల్లలే ఆమె పేరు పెట్టి కేకలు వేశారు. 1890లో ఫిలిప్పా ఫాసెట్ ఏకంగా సీనియర్ రాంగ్లర్ కంటే పైన నిలిచింది. అయినా డిగ్రీ ఇవ్వలేదు. కేంబ్రిడ్జి స్త్రీలకు పూర్తి డిగ్రీలిచ్చింది 1948లో, మనకు స్వరాజ్యం వచ్చాక. లండన్ యూనివర్సిటీ మాత్రం 1878 నుంచే వాళ్ళకు తలుపు తెరిచింది. ఎగమ్‌లో లోనీ ముందు కూర్చున్న అమ్మాయిలు ఆ తలుపు కోసం వచ్చినవాళ్ళు.

లోనీ పుస్తకాలు చాలా భాగం ఆ కాలంలో వచ్చినవే. 1889లో గతిశాస్త్రం మీద ఒకటి, ఆ వెంటనే స్థితిశాస్త్రం–గతిశాస్త్రం కలిపి ఇంకొకటి, 1893లో ట్రిగనామెట్రీ, 1895లో కోఆర్డినేట్ జామెట్రీ. 1909లో కణాల, దృఢవస్తువుల గతిశాస్త్రం. వీటిలో మాటలు తక్కువ. ఒక సూత్రం, ఒక నిరూపణ, చేసి చూపిన లెక్కలు రెండో మూడో, ఆ తర్వాత అభ్యాసాలు వరసగా. సులువు నుంచి కష్టానికి మెట్లు కట్టినట్టు ఉంటాయి. జవాబులు చివర ఉంటాయి. ఆ జవాబులకు ఎలా చేరాలో చూపే సాధనల పుస్తకం ఆయనే వేరుగా రాశాడు.

అలా వచ్చిన ట్రిగనామెట్రీ ఒకటి కుంభకోణంలో ఒక కుర్రవాడి చేతిలో పడింది. ఇంట్లో అద్దెకున్న కాలేజీ విద్యార్థుల దగ్గర్నుంచి తీసుకుని పదమూడేళ్ళకే ఆ పుస్తకాన్ని అరగదీశాడు. ఆ కుర్రవాడు శ్రీనివాస రామానుజన్. లెక్కల్లో అంతటివాడు తక్కిన పేపర్లు తప్పి కుంభకోణంలో స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు, మద్రాసులో ఎఫ్.ఏ. పరీక్ష తప్పాడు. ఆయన కాగితాలను దిద్దినవాళ్ళు తప్పు చేశారని నేననను. తెలిసిన జవాబు కోసం చూసే కన్ను, కొత్త దారిని ఒక్కోసారి తప్పుదారి అనుకుంటుందని మాత్రం అంటాను. ఆ మాట అనే హక్కు నాకెలా వచ్చిందో చెప్పాలి.

లోనీ స్టాటిక్స్–డైనమిక్స్‌ను నాకు చూపించింది మన బడి లెక్కల మాస్టారు. బందరులో బి.ఏ. చదివిన రోజుల్లో కొన్నారట. వీపు ఊడిపోతే బొంత గుడ్డతో అతికించుకున్నారు. అందులో బరువులు పౌండ్లలో, దూరాలు అడుగుల్లో ఉంటాయి. ఆయన వాటిని మన కాలవల్లోకి దించేవారు. బందరు కాలవలో పడవను గట్టు మీద నుంచి తాడుతో లాగేవాళ్ళను చూశారు కదా, తాడు వాలుగా ఉంటుంది, పడవ మాత్రం తిన్నగా ఎలా పోతుంది అని అడిగేవారు. తాడు లాగే బలంలో ఒక పాలు పడవను ముందుకు నడుపుతుంది, ఇంకో పాలు గట్టు వైపు ఈడుస్తుంది, ఆ రెండో పాలుకు అడ్డం పడేది చుక్కాని. బలాన్ని రెండుగా విడదీయడమంటే ఏమిటో గుడివాడలో మా తరానికి ఆ పడవే నేర్పింది.

మాస్టారు మాకు మొదట నేర్పింది బొమ్మ గీయడం. బొమ్మలో బాణాలు పెట్టడం. ఏ దిక్కును ధనంగా తీసుకున్నావో ముందు నిర్ణయించుకో, తర్వాత దానికి కట్టుబడి ఉండు అనేవారు.

చదువయ్యాక నేనూ మన బడి ఆవరణలోనే నడిచే జూనియర్ కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. మూడో ఏడు 1977. నవంబరు 19న ఉప్పెన వచ్చింది. కోడూరు, నాగాయలంక వైపు ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయి. ప్రభుత్వం లెక్కలోనే పదివేల మంది పోయారు. ఆ తర్వాత దివిసీమ నుంచి చాలామంది పిల్లలు బంధువుల ఇళ్ళకు చేరారు. అలా గుడివాడలో మేనమామ ఇంటికి వచ్చిన ఒక కుర్రవాడు మా ఫస్టియర్‌లో చేరాడు. వాళ్ళింట్లో ఎవరు మిగిలారో నేను అడగలేదు. వెనక బెంచీలో కూర్చునేవాడు. పుస్తకాల్లేవు. అప్పుడప్పుడు మాస్టారి దగ్గరికి వెళ్ళి లోనీ పుస్తకం తెచ్చుకునేవాడని నాకు తర్వాత తెలిసింది.

ఫిబ్రవరిలో ప్రీఫైనల్ పెట్టాం. మెకానిక్స్ ప్రశ్న నేనే ఇచ్చాను. నలభై మీటర్ల ఎత్తున్న గోపురం మీద నుంచి ఒక రాయిని సెకనుకు పది మీటర్ల వేగంతో నిట్టనిలువునా పైకి విసిరారు. అది నేలను తాకడానికి ఎంతసేపు పడుతుంది, తాకేటప్పటి వేగమెంత. లెక్క తేలికగా ఉండాలని గురుత్వ త్వరణం పది తీసుకోమన్నాను. క్లాసులో నేను ఎప్పుడూ పై దిక్కునే ధనంగా తీసుకునేవాణ్ణి. కాబట్టి నా కీలో తొలివేగం ప్లస్ పది, త్వరణం మైనస్ పది, స్థానభ్రంశం మైనస్ నలభై. కాలం నాలుగు సెకన్లు. తాకే వేగం మైనస్ ముప్పై.

ఆ రాత్రి కరెంటు లేదు. లాంతరు పెట్టుకుని దిద్దుతున్నాను. ఈ కుర్రవాడి కాగితం వచ్చింది. తొలివేగం మైనస్ పది. త్వరణం ప్లస్ పది. స్థానభ్రంశం ప్లస్ నలభై. మూడు గుర్తులూ తలకిందులు. కింద జవాబు మాత్రం నాలుగు సెకన్లు. వేగం ప్లస్ ముప్పై. గుర్తులన్నీ తప్పయితే కాలం ఒప్పు ఎలా వచ్చిందని ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సింది. నేను ఆగాను గాని ఆలోచించింది వేరు. పక్కవాడి జవాబు చూసి రాశాడనుకున్నాను. ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి ఎనిమిదికి సున్నా వేశాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. మర్నాడు క్లాసులో కాగితాలు పంచుతూ, కాపీ కొట్టేవాళ్ళు కనీసం గుర్తులైనా సరిగా కొట్టాలని అందరి ముందు అన్నాను. పిల్లలు నవ్వారు. వాడు కాగితం తీసుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత రెండు రోజులు రాలేదు.

మూడో రోజు మధ్యాహ్నం మాస్టారు ఆ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు. కాగితాన్ని నా ముందు తలకిందులుగా పెట్టారు. బొమ్మ మీద వేలు పెట్టారు. గోపురం పక్కన చిన్న బాణం, దాని మొదట ప్లస్ గుర్తు. నేను దిద్దేటప్పుడు ఆ బాణం నాకు కనబడలేదు, ఎందుకంటే బొమ్మ వైపు నేను చూడలేదు. కాగితం తలకిందులుగా ఉంటే బాణం పైకి చూస్తోంది. తిన్నగా పెడితే కిందికి చూస్తోంది. కుర్రవాడు కింది దిక్కును ధనంగా తీసుకుని, మొదటి గీత నుంచి చివరి గీత దాకా దానికి కట్టుబడి ఉన్నాడు. ప్లస్ ముప్పై అంటే కిందికి ముప్పై. నా మైనస్ ముప్పై అన్నా అదే. ఎనిమిదికి ఎనిమిది మార్కుల జవాబు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ సమీకరణానికి రెండు మూలాలు, నాలుగు, మైనస్ రెండు. క్లాసులో అందరూ మైనస్ రెండును కొట్టేసి వదిలేశారు. వీడు దాని పక్కన ఒక వాక్యం రాశాడు. రాయిని రెండు సెకన్ల ముందు నేల మీద నుంచే విసిరి ఉంటే, గోపురం ఎత్తుకు వచ్చేసరికి దాని వేగం పది ఉండేదని. నేను లెక్క కట్టి చూశాను. నేల మీద నుంచి ముప్పై మీటర్ల వేగంతో విసిరితే రెండు సెకన్లకు సరిగ్గా నలభై మీటర్ల ఎత్తులో ఉంటుంది, వేగం పదే. అది నేను వాళ్ళకు చెప్పని మాట. అసలు అప్పటివరకు నేను అనుకోని మాట.

మాస్టారు నన్ను కోప్పడలేదు. ఆ కట్టలో ఇంకెన్ని ఉన్నాయో చూడమన్నారు. ఆ రాత్రి కట్ట మొత్తం మళ్ళీ దిద్దాను. ఇంకో ఇద్దరు దొరికారు. ఒక అమ్మాయి చివరి గుణకారంలో జారిపోతే, పైన అంతా సరిగ్గా ఉన్నా నేను రెండే మార్కులిచ్చాను. ఇంకొకడు సమీకరణాలు లేకుండా శక్తి సూత్రంతో వేగం కట్టాడు. కీలో ఆ దారి లేదని తగ్గించాను.

మర్నాడు పొద్దున్నే సైకిలు తొక్కుకుంటూ ఆ మేనమామ గారింటికి వెళ్ళాను. ఏం మాట్లాడానో పూర్తిగా గుర్తులేదు. దిద్దిన కాగితం ఇచ్చాను. వాడు మార్కుల వైపు చూడలేదు. బొమ్మ వైపు చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. సోమవారం క్లాసుకొచ్చాడు. అందరి ముందు అన్న మాటను అందరి ముందే వెనక్కి తీసుకున్నాను. నోరు తడారిపోయింది. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు.

ఆ ఏడు మాస్టారు రిటైరయ్యారు. వెళ్తూ లోనీ పుస్తకం నాకిచ్చారు. అప్పట్నుంచి ఏ కట్ట ముందుకొచ్చినా కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను. కొత్త టీచర్లకు పనికొస్తాయని రాస్తున్నాను. ముందు బొమ్మ చూస్తాను, బాణాలెటున్నాయో చూస్తాను. పిల్లవాడి గుర్తులను నా కీతో కాకుండా వాడి బాణంతో పోల్చుతాను. ఒకచోట తప్పు జరిగితే ఆ తప్పుకు ఒక్కసారే మార్కు తీసి, ఆ తప్పు అంకెతోనే కిందిదంతా సరిగా చేశాడేమో చూస్తాను. జవాబు ఒప్పై, దారి నాకు అర్థం కాకపోతే, ఆ కాగితాన్ని పక్కన పెట్టి పొద్దున్నే మళ్ళీ చదువుతాను. రాత్రి దొంగలా కనిపించినవాడు పొద్దున్నే దొరలా కనిపించడం చాలాసార్లు జరిగింది.

ఇక లోనీ సంగతి. ట్రైపాస్‌లో ర్యాంకుల వరస చదవడం 1909తో ఆగిపోయింది. దాన్ని మాన్పించాలని గట్టిగా పోరాడినవాళ్ళలో రామానుజన్‌ను ఇంగ్లాండుకు రప్పించిన హార్డీ ఒకడు. ఆయనా ఆ పరీక్షలో నాలుగో రాంగ్లరే. పందెం ఆగింది, కొయ్య గరిటె పోయింది. పందెంలో మూడోవాడుగా నిలిచిన లోనీ రాసిన పుస్తకాలు మాత్రం ఆగలేదు. ఆయన 1939 మే 16న కన్నుమూశాడు. ఆ ఏడాది సీనియర్ రాంగ్లర్ ఎవరో నేను ఎంతమందినో అడిగాను, ఒక్కరూ చెప్పలేకపోయారు. మూడోవాడి పేరు గుడివాడ పుస్తకాల షాపులో కుర్రవాడు కూడా చెబుతాడు.

దివిసీమ కుర్రవాడి పేరు రాయను. ఈ సంచిక ఆయన చేతికీ వస్తుంది. ఇంటర్ పాసై, సొంత ఊరికి వెళ్ళి ఉప్పు తేలిన పొలాన్ని బాగుచేసుకుని సేద్యంలో స్థిరపడ్డారు. ఇరవై రెండేళ్ళ తర్వాత, 2000 జూన్‌లో ఒకరోజు మా స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడ్డారు, పక్కన కూతురు. ఎం.పి.సి.లో చేర్పించాలని వచ్చానన్నారు. ఊళ్ళో అప్పటికి కార్పొరేట్ కాలేజీలు చాలా ఉన్నాయి. అక్కడికి కాక ఇక్కడికే ఎందుకు తెచ్చారని నేను అడగలేదు.

ఆ అమ్మాయికి లోనీ పుస్తకం రెండేళ్ళు అరువిచ్చాను. కొత్త అట్ట వేయించి తిరిగి ఇచ్చింది. ఇప్పుడది నా దగ్గరే ఉంది. ఈ స్వర్ణోత్సవం రోజున దాన్ని మన బడి లైబ్రరీకి ఇస్తున్నాను. అందులో మాస్టారి పెన్సిలు గీతలున్నాయి. వాటిని దయచేసి చెరపవద్దు.